వడ్డీ వద్దంటే సరిపోతుందా?

జుమా నమాజు ముగించి మస్జిద్ మెట్లు దిగగానే మనకు ఎదురయ్యేవి పండ్ల బండ్లు, అత్తరు సీసాలు, టోపీలు. ఆ సరుకు ఏ అప్పుతో వచ్చిందో మనం ఎన్నడైనా అడిగామా? వంద రోజుల ఫైనాన్సువాడు వడ్డీ ముందే కోసుకుని మిగతాది చేతిలో పెడతాడు. వడ్డీ హరామని చెబుతున్నాం గాని, దానికి బదులేమిటో చూపడం లేదు.

మార్గం లేకపోలేదు. 2001లో లాహోరులో ఒక మహిళకు వడ్డీ లేకుండా ఇచ్చిన పదివేల రూపాయలతో 'అఖువత్' సంస్థ మొదలైంది. మస్జిదుల్లోనే అప్పులిస్తుంది, మతభేదం చూడదు. దాని స్థాపకుడు అంజద్ సాఖిబ్‌కు 2021లో మెగసెసే అవార్డు లభించింది.

మన దేశంలోనూ 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీని బస్తీవాసులే పెట్టుకోవచ్చు. సభ్యులే యజమానులు, మిగులును ఎవరూ పంచుకోరాదు, ఆ పనికే వాడాలి. అప్పులివ్వాలంటే రిజర్వు బ్యాంకు నిబంధనలు పాటించాలి.

మనకు కొదవ డబ్బుకు కాదు, నమ్మకానికి. ఎన్నో కమిటీలు లెక్క చూపకనే చెడ్డాయి. కనుక మూడు నెలలకొకసారి జమాఖర్చులు మస్జిద్ గోడకు అంటించుదాం. లెక్క చూపగలిగిన నాడు చిరువ్యాపారి ఫైనాన్సువాడి గడప తొక్కడు. మన గడపకే వస్తాడు.