కడలి అంచున ఒక పిలుపు

చలనచిత్ర గీతానికి కళాశాల వార్షిక సంచికలో స్థానమెందుకని పెద్దలు ప్రశ్నించవచ్చు. ప్రశ్న సమంజసమే. పాట పేరిట చెలామణి అయ్యే రణగొణధ్వనిని నేనూ సమర్థించను. అయితే మంచి పాట భాషల నడుమ వారధి కాగలదని నా విశ్వాసం. అందుకు నిదర్శనంగా, 1995లో వెలువడిన మణిరత్నం తమిళ చిత్రం 'బొంబాయి'లోని 'ఉయిరే' పాటను విద్యార్థుల ముందుంచుతున్నాను.

వైరముత్తు రచనకు ఎ.ఆర్. రెహమాన్ స్వరకల్పన చేయగా, హరిహరన్, చిత్ర గానం చేశారు. నాయకుడు హిందువు, నాయిక ముస్లిం. ఆమె రాకకై అతడు సముద్రతీరపు కోటలో వేచి ఉంటాడు. కేరళలోని బేకల్ కోటలో ఆ దృశ్యాన్ని చిత్రీకరించారు.

పాటది మందగమనం. వాద్యాలు గొంతును కప్పివేయవు. పురుషస్వరం మెల్లగా మొదలై, పైస్థాయికి ఎగసి, అలసి దిగివస్తుంది. స్త్రీస్వరం చాలాసేపటికి గాని వినరాదు. ఆ జాప్యమే పాటకు ప్రాణం. నాయకునితోపాటు శ్రోత సైతం నిరీక్షింపవలసి వస్తుంది.

ఈ భావం తమిళులకు కొత్తది కాదు. ప్రాచీన సంగం కవిత్వం ప్రేమలోని ఒక్కొక్క దశకు ఒక్కొక్క నేలను కేటాయించింది. సముద్రతీరానికి 'నెయ్దల్' అని పేరు. ఎడబాటులోని పరితాపం ఆ నేలకు చెందిన భావం. ఉర్దూ గజల్‌లో దీనినే 'హిజ్ర్' అంటారు. హరిహరన్ గజల్ గాయకులుగా సుప్రసిద్ధులు. ఉస్తాద్ గులాం ముస్తఫా ఖాన్ శిష్యులు. తమిళం పలుకుతున్నా ఆ గొంతులో గజల్ ఛాయలు తోచడంలో వింత లేదు. 'ఉయిర్' అంటే ప్రాణం. మన 'ఉసురు' దానికి తోబుట్టువు. ఉర్దూలో అదే 'జాన్'.

దృశ్యంలో ఒక అంశంతో మాత్రం నేను ఏకీభవించలేను. పరుగెత్తి వచ్చే నాయిక బురఖా చిక్కుకొనగా, ఆమె దానిని విడిచి ముందుకు సాగుతుంది. ప్రేమకు మూల్యంగా తనదైనదేదో వదులుకోవాలన్న సూచన అందులో ఉన్నట్లు నాకు తోస్తుంది. కాని ఆ స్వరం అట్టి షరతు విధించదు. ఉన్నది ఉన్నట్లుగా రమ్మని మాత్రమే పిలుస్తుంది. దృశ్యం కంటె నాదమే ఉదారమైనది.

"ముస్లిములై ఉండి తెలుగు బోధిస్తున్నారేమి?" అని నన్ను అడిగినవారు లేకపోలేదు. ఒక భాషను ప్రేమించడానికి మరొకదానిని విడనాడనక్కరలేదన్నదే నా సమాధానం. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు కింద వినిపించే మన కళాశాలలో ఈ మాట చెప్పకుంటే మరెక్కడ చెప్పాలి? సంవత్సరంలో ఒక సాయంత్రమైనా ఉర్దూ, తెలుగు, తమిళ గీతాలను కలిసి విని, చర్చించుకొనే అవకాశం కల్పించవలసిందిగా పాలకవర్గాన్ని కోరుతున్నాను.

విద్యార్థులారా! వేటూరి రచించిన తెలుగు పాఠం మీరు వినే ఉంటారు. ఈసారి మూలాన్ని వినండి. కనులు మూసుకొని వినండి. భాష రాదన్న సంకోచం తొలి పిలుపుతోనే తొలగిపోతుంది.