ఒంటిరంగు బనీను

మా అమ్మాయి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. పోయిన డిసెంబరులో వాళ్ళ ఆఫీసు వార్షికోత్సవానికి అందరూ 'ఎనభైల గ్లామ్ రాక్' వేషాల్లో రావాలన్నారట. "ఇక్కడ అద్దెకిచ్చేవన్నీ ప్లాస్టిక్ కాగితాల్లా ఉన్నాయమ్మా, రాజమండ్రి వచ్చి కుట్టించుకుంటాను" అని ఫోన్ చేసింది. ఆ వేషం కోసం మేం పడిన మూడు రోజుల హైరానా నన్ను 1999లో నేను పెట్టిన ఒక సంతకం దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టింది. ఆ సంతకం గురించి నేనిప్పటిదాకా ఎక్కడా రాయలేదు. రాయకుండా ఉండటం కూడా ఒక రకమైన అబద్ధమేనని ఇప్పుడనిపిస్తోంది.

గ్లామ్ రాక్ అంటే ఏమిటో నాకు మా అమ్మాయే చెప్పింది. 1971 ప్రాంతాల్లో మార్క్ బోలన్ అనే ఇంగ్లీషు గాయకుడు కళ్ళ కింద మెరుపు పొడి అద్దుకుని టీవీలో పాడాడట. 1972లో డేవిడ్ బౌయీ జిగ్గీ స్టార్‌డస్ట్ అనే పాత్ర కట్టి, మొహానికి రంగు వేసుకుని, ఒళ్ళంతా తళుకులతో స్టేజీ ఎక్కాడు. ఎనభైల్లో అది అమెరికా చేరింది. మోట్లీ క్రూ, పాయిజన్ లాంటి బృందాల వాళ్ళు జుట్టు ఉబ్బించి, లిప్‌స్టిక్ వేసుకుని, ఒంటికి అతుక్కునే ప్యాంట్లు తొడిగారు. ఫోన్లో చూపించిన ఫొటోల్లో దాదాపు అందరూ మగవాళ్ళే. "మగాడు ఎలా ఉండాలన్న రూలునే బద్దలుకొట్టారమ్మా" అంది మెచ్చుకోలుగా. నిజమే కావచ్చు. కానీ ఆ ఫొటోలు చూస్తుంటే నాకు లండనూ గుర్తు రాలేదు, లాస్ ఏంజెలసూ గుర్తు రాలేదు. అమలాపురం దగ్గర మా ఊరి జాతరలో, 1986లో, ట్యూబులైట్ల కింద నిలబడ్డ ఒక మనిషి గుర్తొచ్చింది. ఆమె ఆడది. ఆమెను ఎవరూ మెచ్చుకోలేదు.

తాడితోట బట్టల మార్కెట్లో వెండి రంగు జిగినీ గుడ్డ రెండు మీటర్లు, నల్ల సాటిను, చమ్కీల పట్టీలు కొన్నాం. భుజాలు ఎత్తుగా నిలబడాలంటే లోపల స్పాంజి పెట్టాలి. నేను అడిగిన ఇద్దరు టైలర్లూ ఫొటో చూసి నవ్వి తల అడ్డంగా ఊపారు. ఇక మిగిలింది ఊళ్ళో మా పిన్ని.

పిన్నికి డెబ్భై నాలుగేళ్ళు. ముప్ఫై రెండో ఏట మా బాబాయి పోతే ఒక కుట్టుమిషనుతో ఇద్దరు పిల్లల్ని పెంచింది. జాకెట్లూ లంగాలూ కుడుతుందని మాత్రమే బంధువులకి తెలుసు. సంక్రాంతి ముందూ జాతరల ముందూ రాత్రిళ్ళు తలుపులేసుకుని ఆమె కుట్టినవి రికార్డింగ్ డాన్సు వాళ్ళ బట్టలు. డూప్ చిరంజీవికి ఎర్ర రెక్సిన్ కోటు, డూప్ సిల్క్ స్మితకి చమ్కీల గౌను. ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరం పైకి అనేవాళ్ళం కాదు. అది మా కుటుంబ మర్యాద!

ఫొటో చూసి పిన్ని నవ్వలేదు. కళ్ళజోడు తుడుచుకుని, "ఇది నేను కుట్టిందేనే" అంది. మంచం కింద ట్రంకుపెట్టె లాగింది. నాఫ్తలీన్ వాసన మధ్య వెండి జిగినీ కోటు ఒకటి ఉంది. భుజాల్లో స్పాంజి పొడిపొడిగా రాలుతోంది. డబ్బివ్వలేక ఎవరో వదిలేసి వెళ్ళిందట. మా అమ్మాయి దాన్ని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

ఆ రెండు రోజులూ పిన్ని చెప్పిన మాటలు ఏ ఫ్యాషన్ కాలేజీ పాఠానికీ తీసిపోవు. చమ్కీలు జిగురుతో అంటించకూడదు, లైట్ల వేడికీ చెమటకీ ఊడిపోతాయి, ఒక్కో చమ్కీలో దారం రెండుసార్లు పోవాలి. జిప్పు పెట్టకూడదు, హడావుడిలో పట్టేస్తుంది. ఒక కామెడీ బిట్టు అయ్యేలోగా బట్టలు మార్చుకోవాలి కాబట్టి టిచ్ బటన్లే కుట్టాలి. చంక కింద గుడ్డ వదులుగా వదలాలి, లేకపోతే చెయ్యెత్తగానే చిరుగుతుంది. చివరగా పెట్టె అడుగునుంచి ఒక బనీను తీసింది. పొడుగు చేతులతో, మెడదాకా, లేత గోధుమరంగులో ఉంది. "ఇది లోపల తొడుక్కునేది. బొడ్డు దగ్గరా వీపు మీదా కనపడేదంతా ఇదే. టీ డికాక్షన్లో నానేసి ఒక్కొక్కళ్ళ ఒంటిరంగుకి తెచ్చేదాన్ని" అంది.

నేను ఆ బనీను వంక చాలాసేపు చూశాను. 1999లో నేను రాజమండ్రిలో లెక్చరర్ని. ఒక మహిళా బృందంలో చురుగ్గా ఉండేదాన్ని. మా మండలంలో జాతరకి రికార్డింగ్ డాన్సులు ఆపించాలని అధికారులకు ఒక వినతిపత్రం ఇచ్చాం. దాన్ని రాసింది నేనే. 'స్త్రీల నగ్న శరీరాలను అంగట్లో సరుకుగా ప్రదర్శించే ఈ జుగుప్సాకర సంస్కృతి' అని రాశాను. సంతకాల్లో మొదటిది నాదే. ఆ ఏడు అనుమతి ఇవ్వలేదు. గెలిచామని మీటింగు పెట్టుకున్నాం.

నేను నగ్న శరీరం అని రాసింది మా పిన్ని టీ డికాక్షన్లో ముంచిన బనీను గుడ్డ!

"ఆ కాగితం నువ్వే రాశావని నాకు అప్పుడే తెలుసు" అంది పిన్ని. గొంతులో కోపం లేదు. "డాన్సులు ఆగలేదే. అర్ధరాత్రి కొబ్బరితోటల్లోకి పోయాయి. పర్మిషన్ ఉన్నప్పుడు ముందే బేరం కుదుర్చుకుని సగం డబ్బు తీసుకునేవాళ్ళు. తర్వాత అదీ పోయింది. దాక్కుని ఆడేదానికి రేటు అడిగే నోరెక్కడుంటుంది? కాంట్రాక్టరు ఎగ్గొడితే ఎవరికి చెప్పుకుంటుంది?" ఆ వెండి కోటు తొడుక్కున్న మనిషి కువైట్‌కి ఇంటిపనికి వెళ్ళిందట. తర్వాతి సంగతి పిన్నికి తెలియదు. మా పిన్నికి కుట్టు తగ్గింది, ఆ ఏడే పిల్లవాడి చదువు మాన్పించింది. అప్పుడు మాకెందుకు చెప్పలేదని అడగబోయి ఆగిపోయాను. నేను రాసిన కాగితంలో ఆమె చెప్పుకోవడానికి చోటెక్కడుంది?

ఇప్పుడు మనమంతా మాట్లాడుకోవాల్సిన సంగతికి వస్తాను. బౌయీ వేసుకున్న బట్టల్లో పేరు తెచ్చుకున్నవి కొన్ని కాన్సాయ్ యమమోటో తయారుచేసినవి, జపాన్ కబుకీ నాటకాల ప్రభావంతో. కబుకీ ఆడవాళ్ళు మొదలుపెట్టిన కళ. 1629లో అక్కడి ప్రభుత్వం నీతి పేరు చెప్పి ఆడవాళ్ళని రంగస్థలం మీదనుంచి దింపేసింది. తర్వాత వాళ్ళ పాత్రలు మగవాళ్ళు కట్టారు. అది మహాకళ అయింది. ముందు ఆడదాన్ని దింపుతారు, తర్వాత ఆమె వేషాన్ని పల్లకీ ఎక్కిస్తారు.

మన దగ్గరా అంతే కదా. రాజమండ్రిలో 1881లో తొలి వితంతు వివాహం చేయించిన వీరేశలింగంగారే భోగం మేళాల మీదా కలం ఎత్తారు. ఆయన మనకిచ్చింది తక్కువ కాదు, ఆయన తెరిచిన తలుపుల్లోంచే నాలాంటివాళ్ళం కాలేజీల్లోకి నడిచాం. కానీ ఆ ఉద్యమం ఆ స్త్రీలకు ప్రత్యామ్నాయంగా ఏ బతుకు చూపించింది? 1947 మద్రాసు చట్టం వచ్చాక ఈ డెల్టాలో కళావంతుల ఆట సాని ఆట అయి మూలపడింది. అదే కాలంలో ఆడవేషం కట్టిన స్థానం నరసింహారావుగారికి 1956లో పద్మశ్రీ వచ్చింది, సత్యభామగా మెప్పించిన వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో వచ్చింది. ఇద్దరూ మహానటులే, నా ఫిర్యాదు వాళ్ళమీద కాదు. ఆడవేషం మగవాడు కడితే కళ, ఆడది కడితే కేసు ఎందుకైందన్నదే నా ప్రశ్న.

సిల్క్ స్మిత సంగతే చూడండి. మన ఏలూరు పక్క కొవ్వలి పిల్ల. అసలు పేరు విజయలక్ష్మి. 1980లో వచ్చిన 'వండిచక్రం' అనే తమిళ సినిమాలో పాత్ర పేరే ఆమె పేరైపోయింది. 1996 సెప్టెంబరు 23న మద్రాసులో, నిండా ముప్ఫై ఆరేళ్ళు రాకుండా పోయింది. ఆమె జీవితాన్ని గుర్తుకు తెచ్చే 'ది డర్టీ పిక్చర్' హిందీ సినిమా 2011లో సరిగ్గా ఆమె పుట్టినరోజున, డిసెంబరు 2న విడుదలైంది. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో అందులో నటించిన విద్యాబాలన్‌కి ఉత్తమ నటి, బట్టలు రూపొందించిన నిహారికా ఖాన్‌కి వస్త్రాలంకరణ అవార్డు వచ్చాయి. ఆ బట్టల నకలుకి బహుమతి దొరికింది. అసలు తొడుక్కున్న మనిషికి బతికుండగా దొరికిందేమిటి? విద్యాబాలన్ ప్రతిభని తక్కువ చేయడం లేదు. మెరుపు అదే, గుడ్డ అదే. దాంతో పొట్టపోసుకునే మనిషి లోపల లేనప్పుడే మనకది ముద్దొస్తుంది. మా అమ్మాయి ఆఫీసులో దాని పేరు 'రెట్రో'. జాతరలో దాని పేరు అశ్లీలం. అప్పుడు ఐపీసీ 294, 2024 జూలై నుంచి భారతీయ న్యాయసంహిత 296. మూడు నెలల దాకా జైలు.

"ఆ డాన్సుల్లో జరిగే అన్యాయం నీకు తెలియదా?" అని నా మిత్రురాళ్ళు అడుగుతారు. తెలుసు. తాగొచ్చి మీద పడే మగవాళ్ళు, బట్టలు విప్పమని అరిచే కుర్రాళ్ళు, వయసురాని పిల్లల్ని స్టేజీ ఎక్కించే కాంట్రాక్టర్లు ఉన్నారు. వీటిని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. దీనికి జవాబు నాకు మా అమ్మాయి వేషంలోనే దొరికింది.

ఆ వేషానికి వేళ్ళు బయటికుండే నల్ల లేసు గ్లవ్స్ కావాలి. 1984 ప్రాంతాల్లో మడోన్నా వాటిని లోకమంతా ఫ్యాషన్ చేసింది. పిన్ని పక్కింటావిడ పాలకొల్లునుంచి వచ్చిన కోడలు, ఒక పగలూ ఒక రాత్రీ కూర్చుని అల్లిచ్చింది. నరసాపురం, పాలకొల్లు లేసు గురించి మనకి కొత్తగా చెప్పక్కర్లేదు. మరియా మీస్ 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' 1982లో అచ్చయితే మనం దాన్ని పాఠంలా చదువుకున్నాం. కళ్ళు పోగొట్టుకునేలా అల్లే ఆ స్త్రీలని 'ఖాళీగా ఉన్న గృహిణులు' అని పిలుస్తూ ఏజెంట్లూ ఎగుమతిదారులూ ఎలా లాభం చేసుకున్నారో ఆమె చూపించింది. అది చదివి మనలో ఒక్కరైనా లేసు అల్లికని నిషేధించమన్నామా? అనలేదు. వీళ్ళని కార్మికులుగా గుర్తించండి, కూలి పెంచండి అన్నాం. మరి అదే గోదావరి గట్టున, అదే వేషానికి చమ్కీలు కుట్టి, తొడుక్కుని ఆడే స్త్రీకి అన్యాయం జరిగితే ఆ పనినే ఆపేయమని ఎందుకన్నాం? లేసు అల్లే ఆమె తలొంచుకుని కూర్చుంటుంది, ఆడే ఆమె తలెత్తి నిలబడుతుంది. అంతకన్నా తేడా ఏముంది? దోపిడీని చూసి కాదు మనం జుగుప్స పడింది, ఆమెని చూసి. ఆ జుగుప్స మన కులంలోంచీ మన చదువులోంచీ వచ్చింది. దానికి స్త్రీవాదం అని పేరు పెట్టుకున్నాం.

2005లో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్సు బార్లు మూసేసినప్పుడు బొంబాయిలో ఫోరం ఎగైనెస్ట్ ఆప్రెషన్ ఆఫ్ విమెన్ లాంటి సంఘాలు ఆ డాన్సర్ల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ బతుకుల గురించి అడిగి, రాసి, వాళ్ళ పక్షాన నిలబడ్డాయి. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అడగడం అనే ఆ చిన్న పని మేం చేయలేదు. మా ఊరు రాజమండ్రికి రెండు గంటల దూరం. పిన్ని ఇల్లు జాతర దిబ్బకి పది అడుగుల్లో ఉంది.

ఇప్పుడు ఆ వినతిపత్రం మళ్ళీ రాయాల్సివస్తే ఏం రాస్తాను? ప్రదర్శన బహిరంగంగా, వెలుగులో జరగాలి. ఒప్పందం కాగితం మీద ఉండాలి, సగం డబ్బు ముందివ్వాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల స్టేజీ ఎక్కకూడదు. బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఉండాలి. స్టేజీ మీద చెయ్యి వేసినవాడి మీద కేసు పెట్టాలి, ఆడిన ఆమె మీద కాదు. ఇవేవీ గొప్ప కోరికలు కావు. కాకపోతే ఈసారి మొదటి సంతకం నాది ఉండకూడదు. ఆడేవాళ్ళది ఉండాలి, వాళ్ళు ఒప్పుకుంటే కిందెక్కడో నాది.

కోటు కుట్టడం పూర్తయ్యాక మా అమ్మాయి "ఎంతివ్వమంటావు చిన్నమ్మమ్మా?" అని అడిగింది. మనవరాలి దగ్గర డబ్బేమిటని పిన్ని అంటుందనుకున్నాను. ఆమె వేళ్ళమీద లెక్క కట్టింది. చమ్కీలకి ఇంత, భుజాలకి ఇంత, రాత్రి పనికి ఇంత. పక్కింటావిడ గ్లవ్స్‌కి విడిగా. రూపాయి తగ్గించలేదు. మా అమ్మాయి మొత్తం ఇచ్చింది. పార్టీలో ఆ వేషానికి మొదటి బహుమతి వచ్చిందట. స్టేజీ మీద మైకు ఇస్తే, ఇది కోనసీమలో రికార్డింగ్ డాన్సు బట్టలు కుట్టిన మా చిన్నమ్మమ్మ కుట్టింది అని చెప్పిందట. హాల్లో కొందరు ఇబ్బందిగా నవ్వారట.

నవ్వనీండి. పాతికేళ్ళపాటు నేను ఆ మాట ఏ క్లాసురూములోనూ అనలేకపోయాను.