సవరణలు – సకాలము

చెఱువుకట్టకు చిన్న గండి పడినపుడు తట్టెడు మట్టితో పోవు పని, ఉపేక్షించినచో ఊరినే ముంచును. ఈ సంగతి మన రైతులకు వేరుగ జెప్పనక్కఱలేదు. కాని నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, పురపాలక సంఘములు తమ సమస్త వ్యవహారమును ఏ కంప్యూటర్లపై నిలిపియున్నవో, వాని సాఫ్ట్‌వేరునకు బడు గండ్లను గూర్చి యాజమాన్యములు అంతటి శ్రద్ధ వహించుచున్నట్లు కానరాదు. సాఫ్ట్‌వేరు నిర్మాతలు తమ నిర్మాణములోని లోపములను కనుగొనినకొలది సవరణలను, అనగా అప్‌డేట్లను, ప్రకటించుచునే యున్నారు. మైక్రోసాఫ్టు సంస్థ 2003 అక్టోబరు మొదలు ప్రతి మాసము రెండవ మంగళవారమున వీనిని విడుదల చేయుట పరిపాటి గావించుకొన్నది. ప్రకటించుట నిర్మాతల వంతు. వానిని వందలు, వేలు కంప్యూటర్లకు సక్రమముగ జేర్చుకొనుట వాడుకొను సంస్థల వంతు. ఈ రెండవ వంతు కడనే పని చెడుచున్నది.

2017 మే 12వ తేదీన ‘వాన్నక్రై’ యను దుష్ట ప్రోగ్రాము లోకమెల్లెడల వ్యాపించి, కంప్యూటర్లలోని దస్త్రములకు తాళము వైచి, సొమ్ము చెల్లించినగాని విడువనని బెదరించెను. అది చొరబడిన విండోసు లోపమునకు సవరణ మార్చి 14వ తేదీననే వెలువడియుండెను. ఇంచుమించు రెండు మాసముల గడువు వ్యర్థమైనది. ఇంగ్లండునందలి జాతీయ ఆరోగ్యసేవకు జెందిన 236 ట్రస్టులలో సుమారు మూడవ వంతునకు పనిభంగము కలిగెను. పందొమ్మిది వేలకు పైగా రోగుల చికిత్సాసమయములు రద్దయినవని అంచనా. అచ్చటి జాతీయ ఆడిటు కార్యాలయము ఆ సంవత్సరమే ప్రకటించిన నివేదికలో ఒక మాట గమనింపదగియున్నది. హెచ్చరికలు మార్చి, ఏప్రిలు మాసములలో పంపబడినవి. కాని స్థానిక సంస్థలు వానిని పాటించినవో లేదో తెలిసికొను పద్ధతి ఆరోగ్యశాఖకు లేకుండెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు ఆ యుపద్రవమునకు లోనైనవి గాన, ఇది పరదేశపు వింతయని మనము చదివి మఱచుటకు వీలులేదు.

అమెరికాలోని ఈక్విఫాక్సు అను ఋణసమాచార సంస్థ వృత్తాంతము మఱింత బోధకరము. ‘అపాచి స్ట్రట్సు’ అను సాఫ్ట్‌వేరునందలి లోపము 2017 మార్చిలో వెల్లడి కాగా, 48 గంటలలో సవరింపవలసినదని సంస్థలో ఉత్తరువు జారీయైనది. కాని ఆ సాఫ్ట్‌వేరు తమ యే యంత్రమున గలదో తెలుపు సమగ్రమైన జాబితా లేదు; ఉత్తరువు నందుకొనవలసినవారి పట్టికయు పాతది. తుదకు సుమారు 14 కోట్ల 70 లక్షల మంది స్వవిషయములు పరులపాలైనవి. ఉత్తరువు వ్రాసినంతమాత్రమున గండి పూడదు.

ఇది విని, సవరణ వచ్చినతోడనే అన్ని యంత్రములకును ఒక్కమాటుగ నెక్కించుటయే మంచిదని తలచువారును లేకపోలేదు. అదియు ప్రమాదమే. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైకు అను రక్షణసాఫ్ట్‌వేరు సంస్థ పంపిన దోషయుక్తమైన సవరణ 85 లక్షల విండోసు కంప్యూటర్లను కూల్చినదని మైక్రోసాఫ్టువారి అంచనా. గంటన్నర లోపలనే దానిని వెనుకకు దీసికొన్నను, పడిన యంత్రములు పెక్కు తమంత లేవలేదు. ఒక్కొక్కదాని కడకు మనుష్యుడు పోయి లేపవలసివచ్చెను. విమానములు నిలిచిపోయెను, హైదరాబాదు విమానాశ్రయమున చేతితో వ్రాసిన బోర్డింగు చీట్లు ఇయ్యవలసివచ్చెను. కొన్ని సంస్థలు సవరణలను దఫాలవారీగ గైకొను నియమమును ముందే ఏర్పరచుకొన్నను, ఈ జాతి సవరణకు అది వర్తింపకుండెను. కావున ఏయే సవరణలు తమ యనుమతిలేకయే వచ్చిపడునో కొనునాడే అడిగి తెలిసికొనవలెను.

ఆలస్యము విషము, ఆతురత యును విషమే. నడిమి మార్గము దుర్గ్రాహ్యము కాదు. మొదట, ఎన్ని యంత్రములు, వానిలో నేయే సాఫ్ట్‌వేరు గలదో జాబితా వ్రాయవలెను. ప్రతి యంత్రమును తనంత సవరణ దెచ్చుకొననీయక, ఒక కేంద్రస్థానమునుండి పంచవలెను. ముందు ప్రతి శాఖనుండి ఒకటి రెండు యంత్రములకు ఎక్కించి, లెక్కల ప్రోగ్రాములు, ముద్రణయంత్రములు యథావిధిగ నడచుచున్నవో చూచి, పిమ్మట తక్కిన వానికి దఫాలుగ జేర్చవలెను. చివరి తేదీ నిర్ణయింపవలెను; శత్రువులు అప్పటికే వాడుకొనుచున్న లోపమైనచో ఆ గడువును కుదింపవలెను. దస్త్రముల నకళ్లు వేఱుచోట భద్రపఱచి, వానినుండి పని పునరుద్ధరింపగలుగుదురో లేదో పరీక్షింపవలెను. తుదకు, ఎక్కని యంత్రములెవ్వియో లెక్క తేల్చవలెను. ఈ కడపటి పనియే సాధారణముగ విడిచిపెట్టబడుచున్నది.

పంపిణీ చేయు సర్వరును గూడ కాపాడుకొనవలసియున్నది. పెక్కు సంస్థలు వాడుచున్న మైక్రోసాఫ్టువారి డబ్ల్యు.ఎస్.యు.ఎస్. సర్వరునందే 2025 అక్టోబరులో ఘోరమైన లోపము బయల్పడెను. మొదటి సవరణ చాలక, 23వ తేదీన అత్యవసరముగ మఱియొకటి వెలువడెను. దీనికి కొత్త సౌకర్యములను చేర్చబోమని ఆ సంస్థ 2024 సెప్టెంబరులోనే ప్రకటించియున్నది. కావలివాడే నిద్రించినచో కోటగోడ యెందులకు?

ఈ భారమంతయు కంప్యూటరు గదిలోని చిన్నయుద్యోగిపై మోపుట అన్యాయమని మా యభిప్రాయము. సవరణకై రెండు గంటలు యంత్రములాపుడని అతడు కోరినపుడు, పనివేళ యని కాదనువారు పైవారు. ఉపద్రవము వచ్చినపుడు సంజాయిషీ అడుగబడువాడు అతడు. విండోసు 10నకు మైక్రోసాఫ్టువారి ఉచితపోషణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. ఆ యంత్రములను మార్చుటకో, పొడిగింపునకు రుసుము చెల్లించుటకో ద్రవ్యము మంజూరు చేయవలసినవారు యాజమాన్యమువారే గాని ఆ యుద్యోగి కాడు. సహకార బ్యాంకుల సభ్యులు, పురపాలక సభ్యులు, ఆసుపత్రుల ధర్మకర్తలు తమ సమావేశములలో మూడు ప్రశ్నలు వేయుదురుగాక: మన యంత్రముల జాబితా యేది? గత మాసపు సవరణ ఎక్కనివి యెన్ని? అవి యెక్కకపోవుటకు కారణమేమి? వీనికి వ్రాతమూలకముగ సమాధానము రానిచోట, ప్రజల సొమ్మును ప్రాణములును గండిపడిన కట్ట క్రింద నున్నవని గ్రహింపవలెను.