మనకెందుకులే అనే సంఘం

సంఘంలో తప్పు జరుగుతోందని అందరికీ తెలుసు. ఆరాధన ముగిశాక గేటు దగ్గర చెవులు కొరుక్కుంటారు. టీ కొట్టు దగ్గర ఇంకాస్త గట్టిగా మాట్లాడుకుంటారు. వచ్చే ఆదివారం అదే గుడికొచ్చి, అదే బల్ల మీద కూర్చుని, అదే పాట పాడి వెళ్తారు. అడగాల్సిన చోట, అడగాల్సిన రోజున ఒక్కరూ నోరు విప్పరు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో వినబడేది ఒకటే మాట: "మనకెందుకులేబ్బా! అయ్యగారున్నారు, కమిటీవాళ్లున్నారు, వాళ్లు చూసుకుంటారు." ఈ మాట వినీ వినీ కడుపు రగిలిపోతోంది. అయ్యగారు నాలుగేళ్లకో అయిదేళ్లకో బదిలీ మీద వెళ్లిపోతారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే బాప్తిస్మం పొంది, ఇక్కడి సమాధుల తోటలోనే పడుకోబోయే మనకే పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది?

సర్వసభ్య సమావేశం రోజు చూడండి. ఆరాధనకు కిటకిటలాడిన గుడి, ఆశీర్వాదం చెప్పగానే సగం ఖాళీ అవుతుంది. మిగిలిన వాళ్లకు కోశాధికారి లెక్కలు గబగబా చదివి వినిపిస్తాడు. కోత పండుగ వేలం పాటలో వచ్చిందెంత, క్రిస్మస్ కానుకలెంత, షాపుల అద్దెలెంత అన్నది చెవికెక్కేలోపే "ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి" అంటారు. ఎత్తేస్తాం. ఆ లెక్కల కాగితం ఒకటి మా చేతికివ్వండి అని ఎవరైనా కుర్రవాడు అడిగితే, "మా మీద నమ్మకం లేదా?" అని కమిటీ కన్నెర్ర చేస్తుంది. "కూర్చోరా నాయనా" అని పక్కనున్న పెద్దాయనే చొక్కా పట్టి లాగుతాడు. మదనపల్లె టమోటా మార్కెట్లో బాక్సు మీద పది రూపాయలు తేడా వస్తే మండీ యజమానిని నిలదీసే రైతు, దేవునికిచ్చిన కానుక ఏమైందో మాత్రం అడగడు.

పౌలు కంటే గొప్పవాళ్లా మన కోశాధికారులు? యెరూషలేములోని పేదల కోసం సంఘాల్లో చందా పోగుచేసినప్పుడు ఆ సొమ్మును ఆయన ఒంటరిగా మోయలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని తోడు పెట్టుకున్నాడు. అంత పెద్ద మొత్తం విషయంలో తనను ఎవరూ వేలెత్తి చూపే సందు ఉండకూడదని కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో తానే చెప్పుకున్నాడు. లెక్క చూపడం అపొస్తలునికి అవమానం కాలేదు. మనవాళ్లకు ఎందుకవుతోంది?

నోరు విప్పబోయిన వాళ్ల మీద వేసే తాళం ఇంకొకటుంది: దేవుని అభిషిక్తుని జోలికి వెళ్లకూడదట. ఆ మాట దావీదుది. ఏన్గెదీ గుహలో సౌలు తన చేతికి చిక్కినా దావీదు అతణ్ణి చంపలేదు. అంతవరకే మనకు బోధిస్తారు. ఆ తర్వాత దావీదు గుహ బయటికొచ్చి, తాను కోసిన వస్త్రపు చెంగు చూపిస్తూ, సౌలు చేస్తున్న అన్యాయాన్ని అతని సైన్యం వినేలా అతని ముఖం మీదే చెప్పాడు. ఆ సంగతి ఎందుకు చెప్పరు? అదే దావీదు రాజై పాపం చేస్తే నాతాను ప్రవక్త నేరుగా వచ్చి నిలదీశాడు. అంతియొకయలో పేతురు తప్పటడుగు వేస్తే పౌలు అందరి ఎదుటా అడిగేశాడు. బెరయ వాళ్లు పౌలు బోధను కూడా లేఖనాలతో సరిచూసుకుంటే, లూకా వాళ్లను ఘనులని మెచ్చుకున్నాడు. వెంబడించడమంటే బైబిల్లో కనిపించేది ఇదీ. నోరు మూసుకుని కూర్చోవడానికి విధేయత అని పేరు పెట్టుకుని మనల్ని మనమే మోసం చేసుకుంటున్నాం.

ఈ నేల మీద సంఘం ఇలా మొదలు కాలేదు. ఆర్కాటు మిషన్ తరఫున 1863లో జేకబ్ చాంబర్లిన్ మదనపల్లెలో మకాం పెట్టారు. ఆయన వైద్యుడు కూడా. ఊరూరా తిరిగి మందులిచ్చారు, తెలుగు నేర్చి కీర్తనలు అనువదించారు, 1908లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. పల్లెల్లో మొదటి సంఘాలుగా ఏర్పడిన వాళ్లలో అత్యధికులు దళితులు. ఊరు వెలివేస్తుందని తెలిసీ నిలబడ్డారు. వాళ్ల పిల్లలు ఇప్పటికీ వెల కడుతూనే ఉన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల, క్రైస్తవుణ్ణని రాయించుకున్న దళితుడికి ఎస్సీ హోదా లేదు. బీసీ-సీ కింద దక్కేది ఒక్క శాతం రిజర్వేషన్. విశ్వాసం కోసం ఇంత పోగొట్టుకున్న వాళ్లకు తమ గుడిలో తమ కానుకల లెక్క అడిగే హక్కు లేదా?

మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం సంగతి కూడా గుర్తు చేసుకుందాం. క్షయ అంటే ఇంట్లోవాళ్లే దూరం జరిగే రోజుల్లో, వేర్వేరు మిషన్లు తమ తమ పేర్లు పక్కనపెట్టి, 1912లో ఒకే శానటోరియం మొదలుపెట్టాయి. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించారు. తర్వాత ఆ బాధ్యత భారతీయ వైద్యుడు పి.వి. బెంజమిన్ చేతికి వచ్చింది. దేశంలో బీసీజీ టీకాలు 1948లో మొదలైనప్పుడు ఆ పనికి మదనపల్లె ముందు నిలిచింది. పేరు వదులుకున్న మిషన్లూ ఉన్నాయి, పగ్గాలు అప్పగించిన నాయకులూ ఉన్నారు ఆ చరిత్రలో. ఇప్పుడేమో కమిటీ కుర్చీ ఎక్కినవాడు దిగడు. దిగాల్సి వస్తే తమ్ముణ్ణో బావమరిదినో కూర్చోబెడతాడు. ఎన్నికలొస్తే ప్యానెళ్లు, కులాల లెక్కలు, విందులు! చూస్తూ కూర్చుంటున్నది ఎవరు? మనమే.

పైస్థాయిలో సంగతీ తెలిసిందే. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు తమ పాత గోడలు పడగొట్టుకుని 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ఏకమయ్యాయి. ప్రపంచమంతా ఆశ్చర్యంగా చూసిన ఐక్యత అది. ఆ సంఘపు పాలక సభ అయిన సినాడ్ వ్యవహారం కోర్టుకెక్కి, 2024లో మద్రాసు హైకోర్టు పాలన కోసం విశ్రాంత న్యాయమూర్తులను నియమించే దాకా వెళ్లింది. సంఘంలో తీర్చుకోవాల్సినవి కోర్టు మెట్లెక్కించడం సిగ్గుచేటని పౌలు కొరింథీయులను ఎప్పుడో మందలించాడు. మనకు ఆ సిగ్గు కూడా పోయింది. పేపర్లో చదివి, మడిచి పక్కన పెట్టేశాం.

నాయకుల్ని తిట్టి చేతులు దులుపుకోవడానికి ఇది రాయడం లేదు. మన నిర్లక్ష్యం మంచి కాపరిని కూడా చంపేస్తోంది. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో, కుప్పం కొండవార గ్రామాల్లో, జీతం లేకుండా కానుకల మీదే బతుకుతున్న పాస్టర్లు ఎందరు! రాత్రి రెండు గంటలకు జబ్బు మనిషి కోసం ప్రార్థనకు పిలుస్తాం, వస్తారు. ఆయన పిల్లవాడి ఫీజు కట్టారా, పాస్టరమ్మ మందులు కొనుక్కుందా అని ఒక్కరమూ అడగం. రాష్ట్ర ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తుంటే హమ్మయ్య అనుకున్నాం. మన కాపరికి అన్నం పెట్టే పని ప్రభుత్వం మీదికి నెట్టేసి హాయిగా ఉండటానికి మనకు మనసెలా ఒప్పింది? ఆకలితో ఉన్న పాస్టరు డబ్బున్న పెద్దమనిషి తప్పును తప్పనలేడు. అలా ఆయన నోరు కట్టేసింది మనమే.

ఇక కుప్పం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒకే బల్ల మీద తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడేవాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. మగవాళ్లు పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనులకు పోతే, ఇళ్లలో మిగిలే ముసలమ్మల్ని ఎవరు పలకరిస్తున్నారు? తొలి సంఘంలోనూ సరిగ్గా ఇలాంటి చిక్కే వచ్చింది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఆ సణుగును తిరుగుబాటు అనలేదు. సంఘాన్నంతా పిలిచి, మీరే ఏడుగురిని ఎన్నుకోండి అన్నారు. నష్టపోయినవాళ్లు అడిగారు, నాయకులు విన్నారు, పని జరిగింది. వాక్యం వ్యాపించింది, శిష్యుల సంఖ్య పెరిగింది అని ఆ వెంటనే రాసి ఉంది అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయంలో.

మరి మన ఆడవాళ్లు? శుక్రవారం ఉపవాస ప్రార్థన వాళ్లది, గుడి ఊడ్చేది వాళ్లు, పిడికెడు బియ్యం తీసిపెట్టేది వాళ్లు. కమిటీలో మాత్రం మూల కుర్చీ. నంద్యాలలో 2013లో పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘానికి తొలి మహిళా బిషప్ అయ్యారు. ఒక రాయలసీమ స్త్రీ అధ్యక్ష ఖండం (డయోసిస్) నడిపించాక కూడా, మన పాస్టరేట్ లెక్కల పుస్తకం చూడటానికి ఆడవాళ్లు పనికిరారా?

నాయకులారా, శిష్యుల కాళ్లు కడిగిన ప్రభువు పేరు మీదే మీకు ఆ కుర్చీ వచ్చింది. లెక్క చూపండి, అడిగినవాణ్ణి శత్రువుగా చూడకండి, గడువు ముగిస్తే దిగండి. అక్కలారా, అన్నలారా, ఈసారి సర్వసభ్య సమావేశానికి ఆశీర్వాదం అయ్యాక లేచి వెళ్లకండి. లెక్కల కాగితం అడిగి తీసుకుని చదవండి. మీ పాస్టరు ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో కనుక్కోండి. మంచి పని జరిగితే నిలబడి మెచ్చుకోండి, చెడు జరిగితే నిలబడి ఆపండి. అడిగే కుర్రవాడి చొక్కా పట్టి లాగకండి, పక్కన లేచి నిలబడండి. సంఘాన్ని పాడుచేసింది నలుగురే కావచ్చు. వాళ్లను పాడుచేయనిచ్చింది మన మౌనం. దేవుని ఎదుట ఆ లెక్క మనమూ అప్పజెప్పాలి.