రాజుగారికి మతి వచ్చిన రోజులు

మన సినిమాల్లో పిచ్చి కుదరాలంటే ఏం కావాలి? తలమీద ఒక దెబ్బ. పిచ్చెక్కాలన్నా అదే దెబ్బ! ఈ వైద్యం గురించి పాఠకులకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

మొన్న ఒక మిత్రుడు కథ వినిపించాడు. కో-డైరెక్టరు. సొంతంగా ఒక్క సినిమా అయినా తియ్యాలని ఏళ్ళ తరబడి తపస్సు చేస్తున్నవాడు. కథ జానపదం. రాజుకి మతి చెడుతుంది. నిండు సభలో చిందులేస్తాడు, మంత్రిగారి మీసం పట్టుకు లాగుతాడు. ఆఖర్న గుడిగంట నెత్తికి తగిలి మామూలు మనిషైపోతాడు.

"ఎలా వుంది గురూ?" అన్నాడు.

"నిజంగా మతి చెడిన రాజు కథ చెప్పనా?"

"ఎవరు, తుగ్లకేనా?"

కాదు. తుగ్లక్‌ని పిచ్చివాడన్నది ఆయన చేసిన పనులు చూసి. నేను చెప్పబోయేది నిజంగా జబ్బు చేసిన రాజు సంగతి. ఫ్రాన్స్ దేశపు ఆరో చార్లెస్.

1380లో సింహాసనం ఎక్కేనాటికి ఆయనకి పన్నెండేళ్ళు నిండలేదు. పినతండ్రులు పెత్తనం చేశారు, ఖజానాని తమ సొంత అవసరాలకి వాడుకున్నారు. 1388లో కుర్రరాజు వాళ్ళని పక్కకు తప్పించి, తండ్రి కాలంనాటి మంత్రుల్ని మళ్ళీ పిలిపించాడు. జనం ఆయన్ని 'ప్రియతముడు' అని పిలుచుకున్నారు.

1392 ఆగస్టు. మండుటెండలో బ్రిటనీ మీదికి దండు కదిలింది. ల మాన్ దగ్గర అడవిలో చింకిబట్టల మనిషి ఒకడు వచ్చి రాజు గుర్రం కళ్ళెం పట్టుకున్నాడు. "ముందుకు పోవద్దు, నీకు ద్రోహం జరుగుతోంది" అని అరిచాడు. వాణ్ణి తరిమేశారు. కాసేపటికి కునికిపాట్లు పడుతున్న ఒక సేవకుడి చేతిలో బల్లెం జారి, పక్కవాడి ఇనుపటోపీ మీద ఖణేలుమంది. అంతే! రాజు కత్తి దూశాడు. తనవాళ్ళనే కొందరిని నరికేశాడు, సొంత తమ్ముడి వెంటబడ్డాడు. చివరికి పట్టి, కట్టి, బండిమీద వెనక్కి తెచ్చారు.

"ఇంటర్వెల్ అదిరింది!" అన్నాడు మావాడు.

ఆగవయ్యా, ఇంకా వుంది. రాజు కోలుకున్నాడు. మర్నాడు కాదు, కొన్ని వారాలకి. 1393 జనవరిలో అంతఃపురంలో విందు. రాజు, మరో అయిదుగురు అడవిమనుషుల వేషం కట్టారు. గుడ్డకి జిగురు పూసి, దానిమీద నార అంటించిన వేషాలు. వీళ్ళెవరో చూద్దామని తమ్ముడు దివిటీ దగ్గరికి తెచ్చాడు. భగ్గుమంది. నలుగురు పోయారు. చిన్న వయసు పినతల్లి ఒకావిడ తన గౌను కప్పి రాజుని కాపాడింది.

ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు జబ్బు వస్తూ పోతూ వుండేది. వచ్చినప్పుడు తను రాజునే కాదనేవాడు, పేరు జార్జి అనేవాడు. భార్య ఇసబోని గుర్తుపట్టేవాడు కాదు. తన ఒళ్ళు గాజుతో చేసిందనీ, ముట్టుకుంటే పగిలిపోతుందనీ భయపడి బట్టల్లో ఇనుప కమ్మీలు పెట్టించుకున్నాడని రెండో పయస్ పోపు రాశాడు.

గాజు అనగానే మావాడు పకపకా నవ్వాడు. నేనూ నవ్వేవాణ్ణే, మా మేనమామని చూసి వుండకపోతే.

చిన్నప్పుడు మేమూ నవ్వాం. మామయ్య గోడతో మాట్లాడుతుంటే కిటికీ దగ్గర చేరి కిచకిచలాడేవాళ్ళం. మతి స్థిమితపడిన రోజు ఆయన తలకి పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అక్కా, నిన్న ఎవర్నైనా కొట్టానా?" అని అడిగేవాడు. అమ్మ ఎప్పుడూ "లేదురా" అనేది. ఒకసారి అమ్మ చేతికి కట్టు వుంది. ఆయన ఆ కట్టు చూశాడు. ఇంకేం అడగలేదు.

చార్లెస్‌కీ అవే అసలు కష్టపు రోజులు. 1397లో జబ్బు మళ్ళీ ముంచుకొస్తోందని తనకే తెలిసి, తన దగ్గరున్న కత్తి తీసేయమన్నాడట. ఈ బాధకి కారకులెవరైనా ఇక్కడే వుంటే ఇంక హింసించొద్దు, చంపెయ్యండి అని వేడుకుంటే చుట్టూ వున్నవాళ్ళు ఏడ్చారని ఆనాటి చరిత్రకారుడు రాశాడు.

"మరి విలనెవరు?" అన్నాడు మావాడు.

జబ్బు కాదు. ఆ జబ్బు ఎవరికి కలిసొచ్చిందో వాళ్ళు. రాజు పక్కన ఎవరుంటే వాళ్ళ మాటకే రాజముద్ర. తమ్ముడికీ, బర్గండీ వాళ్ళకీ ఆ చోటు కోసమే తగవు. 1407లో పారిస్ వీధిలో తమ్ముణ్ణి చంపించారు. దేశం రెండుగా చీలింది. 1415లో ఇంగ్లీషువాళ్ళు అజిన్‌కూర్‌లో గెలిచారు. 1420లో కొడుకుని కాదని ఇంగ్లండ్ రాజు అయిదో హెన్రీకి రాజ్యం రాసిచ్చే సంధి జరిగింది. అదీ చార్లెస్ పేరుమీదే!

"క్లైమాక్స్?"

లేదు. గుడిగంట మోగలేదు. 1422 ఆగస్టులో హెన్రీ పోయాడు, అక్టోబరులో చార్లెస్ పోయాడు. అంత్యక్రియలకి సొంత వంశపు రాకుమారుడు ఒక్కడూ లేడు. శవం వెనక నడిచిన ప్రభువు ఇంగ్లీషు బెడ్‌ఫర్డ్ డ్యూక్. పారిస్ జనం మాత్రం వీధుల్లో నిలబడి ఏడ్చారు. ముప్ఫై ఏళ్ళ జబ్బు తరవాత కూడా వాళ్ళకి ఆయన ప్రియతముడే.

సినిమా ఈ కథని ఎలా చూసిందంటారా? 1944లో ఒలీవియర్ తీసిన 'హెన్రీ ది ఫిఫ్త్' చూడండి. చార్లెస్ అందులో చేతులు వణికే చేవలేని ముసలాయన. అజిన్‌కూర్ నాటికి అసలు మనిషికి నలభై ఆరేళ్ళే. మనవాళ్ళు 1960లోనే 'చివరకు మిగిలేది' తీశారు. మతి చెడినవాణ్ణి చూసి నవ్వమనకుండా, సావిత్రి చేత ఆ బాధని మనకి చూపించారు. అంటే మనకి చేతకాక కాదు.

మావాడు కాగితాలు సర్దుకుంటూ, "ఇది ఆడదు గురూ" అన్నాడు. నిజమే కావచ్చు. "పోనీ, ఒక్క సీను కలుపు. రాజుకి మతి వచ్చాక నిన్న ఏం చేశానని అడిగే సీను" అన్నాను.

ఏమీ అనలేదు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "అడిగితే మంత్రి ఏం చెప్పాలి?" అన్నాడు.

ఆ డైలాగు మా అమ్మ ఏనాడో రాసేసింది.