ఆరు సెమిస్టర్లకు లెక్క లేదా?



లాసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడుతోందంటే చాలు, ఇంటర్లో సీఈసీ, ఎంఈసీ చదివిన పిల్లల తల్లిదండ్రులు మాలాంటి పాత కామర్స్ మాస్టార్లను వెతుక్కుంటూ వస్తారు. బీకాం చేయించి ఆ తర్వాత మూడేళ్ల ఎల్ఎల్‌బీకి పంపడమా, లేక అయిదేళ్ల బీకాం ఎల్ఎల్‌బీలోనే చేర్చేయడమా అన్నది వాళ్ల సందేహం. మొదటి దారిలో ఆరేళ్లు, రెండో దారిలో అయిదు. ఏడాది కలిసొస్తుంది, ఏడాది ఖర్చూ తగ్గుతుంది. కాలేజీలవాళ్లు చెప్పేదీ ఇదే, అందులో అబద్ధమేమీ లేదు. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్యా నియమాల్లో 13వ నియమం చూడండి. అయిదేళ్ల ఉమ్మడి కోర్సులో ఎవరూ మధ్యలో వచ్చి చేరకూడదు. మధ్యలో వెళ్లిపోయేవాళ్లకు రెండు డిగ్రీల్లో ఒకదాన్ని విడదీసి ఇవ్వనూ కూడదు. అంటే ఆరు సెమిస్టర్లూ పాసై, ఇంట్లో పరిస్థితి తలకిందులై చదువు ఆపేసిన పిల్లాడికి మిగిలేవి మార్కుల మెమోలే. కాగితాల ప్రకారం వాడి చదువు ఇంటరే. అదే ఏడు మామూలు బీకాంలో చేరిన వాడి స్నేహితుడు ఈపాటికి గ్రూప్-2 రాయొచ్చు, బ్యాంకు క్లర్కు పరీక్షకు కూర్చోవచ్చు, ఎస్సై ఉద్యోగానికి దరఖాస్తు పెట్టొచ్చు. 55 శాతం మార్కులుంటే ఫౌండేషన్ రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌కే వెళ్లొచ్చు. వీడికి ఆ తలుపులన్నీ మూసే ఉంటాయి.

నా దగ్గర చదివిన అబ్బాయి ఒకడు ఇలాగే నాలుగో ఏడు మొదట్లో ఆగిపోయాడు. తండ్రికి పక్షవాతం వచ్చింది, కొట్టు చూసుకునే దిక్కు లేదు. ఇప్పుడు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాడు. అక్కడికి కొత్తగా వచ్చే బీకాం పిల్లలకు పని నేర్పేది వాడే, అందరికన్నా తక్కువ జీతం వచ్చేదీ వాడికే. అదేమంటే, డిగ్రీ లేదు కదండీ అంటారు.

కోర్సు మీద నాకు కోపమేమీ లేదు. నిజానికి ఇలాంటి చదువు మనకు ఎంత అవసరమో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి రాసిన లేఖ గుర్తుండే ఉంటుంది. ఖాతాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఆ లేఖ సారాంశం. హైదరాబాద్ ప్రత్యేక కోర్టు తీర్పు 2015 ఏప్రిల్‌లో వచ్చింది. ఆ కేసంతా దొంగ ఇన్‌వాయిసులు, లేని ఫిక్స్‌డ్ డిపాజిట్ల చుట్టూ తిరిగింది. బ్యాలెన్స్ షీట్ చదవడం రాని వకీలు అలాంటి కేసులో ఎవరో ఒక ఆడిటర్ చెప్పింది నమ్మాల్సిందే తప్ప, ఆ ఆడిటర్‌నే బోనులో నిలబెట్టి అడ్డప్రశ్నలు వేయలేడు. 2016లో దివాలా స్మృతి, 2017 జులై 1 నుంచి జీఎస్టీ వచ్చాక ఈ అవసరం ఇంకా పెరిగింది. కాబట్టి కోర్సు ఉండాలి, మంచి పిల్లలు చేరాలి. మధ్యతరగతి, పేద ఇళ్ల పిల్లలు ధైర్యంగా చేరాలంటే మాత్రం అయిదేళ్లూ గడవకపోతే ఏమిటి గతి అన్న భయం పోవాలి.

బార్ కౌన్సిల్ పక్షాన చెప్పదగ్గ మాట ఒకటుంది, దాన్ని దాటవేయను. ఉమ్మడి కోర్సులో కామర్స్ మేజర్ పేపర్లు మామూలు బీకాంలో ఉన్నన్ని ఉండవు, లా పేపర్లు వాటితో కలిసే నడుస్తాయి. మూడేళ్లకు దాన్ని పూర్తి బీకాం అనడం కుదరదంటారు. ఒప్పుకుంటాను. అయితే తక్కువైన పేపర్లు ఏవో విశ్వవిద్యాలయమే తేల్చి, వెళ్లిపోదలచినవాళ్లు వాటిని రాసి పాసైతే డిగ్రీ ఇవ్వొచ్చు కదా? అదీ వద్దంటే ఆ డిగ్రీకి వేరే పేరు పెట్టండి. ఇందోర్ ఐఐఎం అయిదేళ్ల మేనేజ్‌మెంట్ కోర్సులో మూడేళ్లకు ఆగేవాళ్లకు బ్యాచిలర్ డిగ్రీ ఇచ్చి పంపే ఏర్పాటుంది. దానివల్ల ఆ సంస్థ పరువేమీ పోలేదు.

2020 జాతీయ విద్యావిధానం ఏ డిగ్రీలోనైనా మధ్యలో ఆగినవాళ్లకు చదివినంతమేర గుర్తింపు దక్కాలంది. అదే విధానం, ప్రతిపాదించిన ఉన్నత విద్యా కమిషన్ పరిధి నుంచి వైద్య, న్యాయవిద్యల్ని మినహాయించింది. దాంతో న్యాయవిద్య బార్ కౌన్సిల్ చేతిలోనే ఉండిపోయింది, నష్టపోయింది లా పిల్లలే.

13వ నియమం మొత్తాన్నీ కొట్టేయమని నేననను. మధ్యలో చేరకూడదన్న సగం ఉండాల్సిందే; లేకపోతే ఎవరో బీకాం కాగితం పట్టుకొచ్చి నేరుగా మూడో ఏట కూర్చుంటారు, లా పునాది లేకుండానే వకీలైపోతారు. వెళ్లేవాడికి డిగ్రీ ఇస్తే మాత్రం నష్టమెవరికి? వాడు నల్లకోటు అడగడం లేదు. ఎల్ఎల్‌బీ పూర్తి చేయనివాణ్ణి బార్ కౌన్సిల్ ఎలాగూ నమోదు చేసుకోదు. మధ్యలో మానేసేవాళ్లు పెరుగుతారన్న భయం ఉంటే, అది కోర్సు బోధన గురించి ఆలోచించాల్సిన సంగతి. పిల్లల్ని కట్టిపడేసి హాజరు నిలబెట్టుకునే కాలేజీని చూసి నాకు గౌరవం కలగదు.

నియమం మార్చాల్సింది బార్ కౌన్సిల్, దానికి ఎంతకాలం పడుతుందో తెలియదు. ఈలోపు రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు చేయగలిగిన పని ఒకటుంది. లాసెట్ కౌన్సెలింగ్ నోటిఫికేషన్‌లో, అయిదేళ్ల కోర్సుల పేర్ల కిందే, మధ్యలో ఆపితే ఏ డిగ్రీ రాదని పెద్దక్షరాల్లో తెలుగులో అచ్చు వేయించాలి. ఆప్షన్లు పెట్టుకునే ముందే ఆ వాక్యం తల్లిదండ్రుల కంటబడాలి.

— ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు, తెనాలి