ఇల్లాలి యొంటరి కాపలా

రోగము మంచము పట్టించునది యొక్కరినే, కుంగిపోవునది యిల్లంతయు. ఈ సంగతి యెఱుగనివారు లేరు. ఎఱిగియు మన గ్రామములు దానికి తగిన యేర్పాటు చేసికొనకుండుటయే నేడు మేము విచారింపదలచిన విషయము.

పులికాటు సరస్సు చేరువనున్న చిట్టమూరు వంటి యూరిని తలచుకొనుడు. ఇంటి యజమానునికి నెలల తరబడి దగ్గు. మొదట పడిసెమందురు, పిమ్మట క్షయ యనుకొని మందులు మ్రింగింతురు. ఒడలు చిక్కి, కఫములో నెత్తురు కనబడిన తరువాత తిరుపతికో చెన్నపట్టణమునకో పోవుదురు. ఊపిరితిత్తులలో రాచపుండు పుట్టినదనియు, అది యితరాంగములకు ప్రాకినదనియు నచట తేలును. ఆ మాట తఱచుగా రోగికి చెప్పరు. వరండాలో నిలిచియున్న భార్యకు చెప్పుదురు. ఆనాటినుండి యామెకు రెండు బరువులు: వ్యాధి యొకటి, దానిని దాచుట యొకటి.

ఈ దాపఱికము ప్రేమవలననే పుట్టుచున్నది, సందేహము లేదు. అయినను మేము దీనిని సమర్థింపజాలము. తన యొడలిలోని మార్పు రోగికి తెలియకపోదు. అతడు తెలియనట్లును, ఆమె యేమియు లేనట్లును నటించుచుండగా, అప్పుల లెక్క, బిడ్డ పెండ్లి, ఒకరితో నొకరు చెప్పుకొనవలసిన కడపటి మాటలు, అన్నియు మిగిలిపోవును. సత్యము నొక్కసారిగా నెత్తిన కుమ్మరింపుమని మా భావము కాదు. ఎంతవఱకు తెలిసికొనగోరుచున్నాడో యతనినే యడుగవలెను. అతడు కోరినంత చెప్పవలెను. వలదన్నచో నా కోరికను మన్నింపవలెను.

ఇక చికిత్స. ముదిరినదనగానే యాశ వదలుటయు తప్పు. పొలమమ్మి యద్భుత మందుల వెంట పరుగెత్తుటయు తప్పు. ఈ వ్యాధిలో కొన్ని రకములకు జన్యువులలోని మార్పు కారణము. పొగ త్రాగని మనవారిలో నట్టి మార్పు పలువురియందు కానవచ్చుచున్నది. ఆ మార్పున్నవారికి మాత్రలు గలవు. అవి వ్యాధిని నిర్మూలింపకపోయినను పెక్కుమందిలో నెలల కొలది, కొందఱిలో సంవత్సరముల కొలది యడ్డగింపగలవు. కావున, తీసిన ముక్కకు జన్యుపరీక్ష జరిగినదా యని చికిత్సకు ముందే యడుగుట మఱువరాదు. 1954 లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి స్థాపించిన యడయారు సంస్థ చెన్నపట్టణమున గలదు. తిరుపతిలోను క్యాన్సరు చికిత్స లభించుచున్నది. 2007 లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకమున నే మందులు చేరునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడిగి, ఆ పిమ్మటనే యప్పు మాట తలపెట్టవలెను.

అంతకంటె ముఖ్యమైనది బాధానివారణము. అది మరణశయ్యకు మాత్రమే తగినదను భ్రాంతి వైద్యులలో సైతము గలదు. బోస్టను నగరమున నిట్టి రోగులు 151 మందిపై జరిగిన పరిశోధన 2010 లో వెలువడినది. మొదటినుండియు బాధానివారణ వైద్యము గూడ పొందినవారు తక్కువ దిగులుతో, ఎక్కువ సుఖముగా నుండిరి. వారి మధ్యస్థ జీవితకాలము 11.6 నెలలు, మిగిలినవారిది 8.9 నెలలు. నొప్పి నణచు మార్ఫినునకు 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము పెద్ద యడ్డంకి యయ్యెను. 2014 లో దానిని సవరించిరి. చట్టము సడలినను మందు పల్లెకు చేరకున్న ఫలమేమి? రాత్రివేళ మూల్గు వినుచు కూర్చున్న యిల్లాలికి శాసనసభ తీర్మానము లక్కఱలేదు; మాత్ర కావలెను, దాని నెట్లు వాడవలెనో చెప్పు నర్సు కావలెను.

బంధువులకు నొక మాట. పండ్లు తెచ్చి, గడియ కూర్చుండి, "చుట్ట మానుమంటిమి గదా, వినకపోయెను" అని పోవుట పరామర్శ కాదు. పొగాకు కీడు నిజమే. యువకులు దానిని విడువవలసినదే. కాని పొగాకు ముట్టని స్త్రీలకును ఈ వ్యాధి వచ్చుచున్నది. నింద యెవరి యాయాసమును తగ్గింపదు. ఒక రాత్రి కాపలా మీరు కాచి, ఆ యిల్లాలిని నిదురపోనిండు. ఒకరు ఆసుపత్రికి తోడు పొండు. ఒకరు ఆమె గేదెకు మేత వేయుడు. ఒకరు మడికి నీరు కట్టుడు. కేరళ దేశమున నిరుగుపొరుగువారే శిక్షణ పొంది, రోగుల యిండ్లకు పోయి సేవ చేయుచున్నారు. వారు చేయగలిగినది మనకు నసాధ్యము కాదు.

ఊరి చెఱువుకట్ట తెగినప్పుడు, ఎవరి పొలము మునుగునని విచారింపక పార పట్టుకొని పరుగెత్తు జనులము మనము. ఒక యింటి గోడలలో తెగిన కట్ట కంటికి కనబడదు. అంతమాత్రమున దానిని పూడ్చు భారమంతయు నొక స్త్రీ చేతులపై విడిచిపెట్టుట న్యాయమా?